వద్దు అని నోటితో చెప్పాలట

మా వదినకి నోట్లో నాలుక లేదని పెళ్ళయిన కొత్తలో అనుకున్నాను. వదినంటే మా ఆయనకి అక్క. ఆస్పత్రి లాండ్రీలో పని. నేల కింద గది, కిటికీ లేదు, ఎప్పుడూ ఆవిరే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తడి దుప్పట్లు యంత్రంలోంచి లాగడం, వేడి రోలర్ల మధ్యకి పంపడం, అవతలి కొస ఇంకొకావిడ పట్టుకుంటే మడత పెట్టడం. ఇంటికొచ్చేసరికి వేళ్ళు నానిపోయి ముడతలు పడి ఉండేవి. కూర్చునేది, టీ ఇస్తే అందుకునేది, చాలాసార్లు ముట్టుకోకుండానే పక్కన పెట్టి లేచిపోయేది. నాకు ఒళ్ళు మండేది. చల్లారిపోయిందేమోనని మళ్ళీ వేడి చేసి ఇచ్చిన రోజులు కూడా ఉన్నాయి.

"ఏవండీ, మీ అక్కకి నా టీ నచ్చకపోతే చెప్పొచ్చు కదా! నోరు పడిపోయిందా?" అని మా ఆయన్ని నిలదీశాను.

"చెప్పింది కదా," అన్నాడు ఆయన అమాయకంగా. "ముట్టుకోలేదంటే వద్దనేగా. ఇంకెలా చెబుతుంది?"

అప్పుడు తెలిసొచ్చింది నేనెలాంటి ఇంట్లో పడ్డానో. వీళ్ళు కొండవాళ్ళు. మా అత్తగారూ, ఆవిడ తరఫు వాళ్ళంతా ఇప్పటికీ కొండ మీదే ఉంటారు. వదినా, మా ఆయనా బతుకుతెరువు కోసం కింద టౌనుకి దిగారు. ఆ కొండ మనుషులు సరే అనే మాట నోటితో చెబుతారు, కాదనే మాట మాత్రం నోటితో చెప్పరు. నలుగురూ కూర్చున్న చోట ఎవరైనా ఏదైనా అడిగితే, ఇష్టమైనవాళ్ళు ఒక్కొక్కరే లేచి "సరే" అంటారు. ఇష్టం లేనివాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తారు. అందరూ నేల చూశారంటే ఆ సంగతి అక్కడితో సరి, మళ్ళీ ఎవరూ ఎత్తరు. మనిషి మొహం మీద "వద్దు" అనడమంటే వాళ్ళ దృష్టిలో తెగతెంపులు చేసుకోవడమే. ఇక నువ్వు చచ్చినా నీ గుమ్మం తొక్కను అన్నంత మాట. నేనేమో కిందివాళ్ళ పిల్లని, మా పుట్టింట్లో పొద్దున లేస్తే వంద వద్దులు వినబడేవి.

ఇలాంటి మనుషుల దగ్గరికి గని వాళ్ళు వచ్చారు. కొండ కడుపులో ఏదో ఖనిజం ఉందట. కంపెనీ మనుషులు, ముందు కుర్చీలో సర్కారు ఆఫీసరు, మైకు, టెంటు, హంగామా అంతా తయారు. కొండ తవ్వుతాం, మీకు కింద ఇళ్ళు కట్టిస్తాం, ఏమంటారు అని అడిగారు. ఊరు ఊరంతా చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల చూసింది. ఆఫీసరు మళ్ళీ అడిగాడు, గడియారం చూసుకున్నాడు, "ఎవరికీ అభ్యంతరం లేదు" అని రాసుకుని జీపెక్కాడు. మావాళ్ళు అతని కంటే నిశ్చింతగా ఇళ్ళకి వెళ్ళారు. అంత గట్టిగా కాదన్నాక మళ్ళీ ఎవడొస్తాడని వాళ్ళ ధీమా.

యంత్రాలొచ్చాయి. ముందుగా ఊరికి నీళ్ళిచ్చే ఊట పైనున్న చెట్లు కూలాయి. అత్తగారు కొండ దిగి వచ్చి మా గుమ్మంలో కూర్చుని, "కాదన్నాం కదే, వినబడలేదా వాళ్ళకి?" అని వదినని అడిగింది. వదిన మర్నాడే లాండ్రీకి సెలవు పెట్టింది. అప్పటి నుంచి మొదలైంది ఆవిడ తిరుగుడు.

నాకు బస్టాండు ఎదురుగా చిన్న ఇంటర్నెట్ సెంటరుంది. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, రెండు తగిలిస్తే గానీ కదలని ప్రింటరు. వదిన అర్జీలన్నీ అక్కడే టైపు చేశాను. ఆ ఆఫీసులో ఇస్తే ఈ ఆఫీసుకి పొమ్మన్నారు. కింది కోర్టుకెళ్ళాం, పై కోర్టుకెళ్ళాం, కాళ్ళరిగేలా తిరిగాం. ప్రతిచోటా అదే మాట: అభ్యంతరం లేదని రాసి ఉంది కదమ్మా, ఇప్పుడు కొత్తగా ఇదేమిటి? మౌనంగా ఉండటమే మా అభ్యంతరం అని వదిన చెబితే ఒకాయన నవ్వాడు కూడా. ఆయన మొహాన ఏదైనా విసిరి కొట్టాలనిపించింది నాకు. వదిన మాత్రం కాగితాలు సర్దుకుని బస్సెక్కింది.

చివరికి మా కేసు చూస్తున్న లాయరమ్మ ఒకరోజు నా సెంటరుకొచ్చి కూర్చుంది. "ఇక్కడ తట్టాల్సిన తలుపులన్నీ తట్టాం. అది మంచిదే. బయట కొన్నిచోట్ల ముందు మీ దేశంలో అడిగారా అంటారు, అడిగామని చూపించగలం. ఇక బయటికి వెళ్దాం," అంది.

"బయటికంటే ఎక్కడికి?" అన్నాను.

దేశాలన్నీ కలిసి రాసుకున్న ఒప్పందాలున్నాయట. జాతి పేరు మీద ఎవరినీ తక్కువ చేయకూడదని అందులో ఒకటి. సంతకం పెట్టిన ప్రతి సర్కారూ కొన్నేళ్ళకోసారి ఒక కమిటీ ముందు కూర్చుని, ఇచ్చిన మాట ఎంతవరకు నిలబెట్టుకున్నామో చెప్పాలట. సర్కారు తన కథ తను చెప్పుకుంటుంది. మన కథ మనం విడిగా రాసి పంపొచ్చు, వెళ్ళి చెప్పుకోవచ్చు కూడా. ఇది కాక, కొండజాతుల బాగోగులు చూడటానికి ఒక ప్రత్యేక ప్రతినిధి ఉంటారు, ఆయనకి ఎప్పుడైనా ఫిర్యాదు రాయొచ్చు.

"వాళ్ళు ఆపమంటే గని ఆగిపోతుందా?"

"ఆగదు. వాళ్ళు పోలీసులూ కారు, జడ్జీలూ కారు. అడుగుతారు, రాస్తారు, ఏడాదికి మళ్ళీ ఏం చేశారని అడుగుతారు."

"ఇంతోటిదానికా!" అన్నాను నేను.

"ఇంతోటిదానికే. కాకపోతే నలుగురిలో అలా అడిగించుకోవడం ఏ సర్కారుకీ నచ్చదు," అంది లాయరమ్మ. తనకీ ఓపిక అయిపోయినట్టే ఉంది, బల్ల మీద తల ఆనించి మాట్లాడింది.

వదిన "సరే" అంది. నోటితోనే.

ఆ నివేదిక రాయడంతో తల ప్రాణం తోకకొచ్చింది. వదిన చెబుతూ పోయింది, నేను టైపు చేస్తూ పోయాను. ఊట ఎవరి తాత కనిపెట్టాడు, ఏ చెట్టు కింద ఎవరి పెళ్ళి జరిగింది, అంతా. లాయరమ్మ చదివి కళ్ళు తుడుచుకుంది, తుడుచుకుని సగానికి పైగా కొట్టేసింది. "కన్నీళ్ళు తగ్గించి తేదీలు పెంచండి. వాళ్ళు ఇలాంటివి గుట్టలు గుట్టలు చదవాలి," అంది. ప్రతినిధిగారికి రాసిన దానికి అందిందని జవాబొచ్చింది. అంతే, అందిందని. ఇలాంటి జనాన్ని అక్కడిదాకా పిలిపించే నిధి ఒకటుందంటే దానికి దరఖాస్తు పెట్టాం, మొదటిసారి కాదన్నారు. మళ్ళీ పెట్టాం. ఈలోగా ఇద్దరు పోలీసులు లాండ్రీకెళ్ళి వదిన ఎవరెవరిని కలుస్తోందని సూపర్‌వైజర్‌ని ఆరా తీశారు. ఆయన హడలిపోయి వదిన డ్యూటీని పగటి నుంచి రాత్రికి, రాత్రి నుంచి పగటికి మార్చాడు. "ఇది కూడా కమిటీకి రాద్దాం. తమ దగ్గరికి వచ్చేవాళ్ళని బెదిరిస్తే వాళ్ళు దాన్ని వేరే తప్పుగా చూస్తారు," అంది లాయరమ్మ. అదీ రాశాం.

అన్నీ రాశాం గానీ, ఏమీ కదలలేదు. వదిన సాయంత్రాలు నా సెంటర్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కూర్చున్నట్టే నిద్రపోయేది. మనిషి సగానికి సగం తగ్గిపోయింది. "వదినా, ఇక వదిలేద్దామా?" అని ఒకరోజు అడిగేశాను. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల చూసింది. ఇంకేం చేస్తాను, ప్రింటరుకి రెండు తగిలించి మళ్ళీ పనిలో పడ్డాను.

రెండోసారి పెట్టిన దరఖాస్తు ఒప్పుకున్నారు. వదినా, లాయరమ్మా విమానమెక్కారు.

కమిటీ సమావేశం కంప్యూటర్లో ప్రత్యక్షంగా కనబడుతుందని లాయరమ్మ చెప్పి వెళ్ళింది. ఆ మధ్యాహ్నం నా సెంటరు కిక్కిరిసిపోయింది. అత్తగారు, కొండ మీది పెద్దయ్య, ఇంకా ఎవరెవరో. పెద్దయ్య అంటే అక్కడ అందరికంటే వయసులో పెద్దవాడు, ఆయన కూర్చుంటే గానీ సభ సభ కాదు. మా ఆయన తను బాడుగకి తిప్పే జీపుని స్టాండులో వదిలేసి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. తెర మీద పెద్ద హాలు, గుండ్రంగా బల్లలు, చెవుల్లో యంత్రాలు పెట్టుకున్న మనుషులు. ఒక మూల మా వదిన. ఇంత పొడుగు బల్ల వెనక ఇంతే ఉంది. అత్తగారు తెరని వేలితో ముట్టుకుంది.

రెండు నిమిషాలే ఇచ్చారు. వదిన తడబడకుండా చదివింది. వందసార్లు ఇంట్లో అప్పజెప్పించుకున్నాను, చదవదూ! బతికాం అనుకున్నాను. అప్పుడు కమిటీలో ఒక తలనెరిసినావిడ మైకు నొక్కింది. సర్కారు పంపిన నివేదికలోంచి ఒక ముక్క చదివింది: సభ జరిపాం, అక్కడి ప్రజలెవరూ అభ్యంతరం చెప్పలేదు. చదివి, "ఇది నిజమేనా? మీవాళ్ళు ఏం చెప్పారు?" అని అడిగింది.

దీనికి జవాబు మా దగ్గర సిద్ధంగా ఉంది. అది కూడా అప్పజెప్పించాను. వదిన మైకు దాకా వంగింది. ఆగింది. వెనక్కి జరిగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నేల చూసింది.

"మాట్లాడు వదినా!" అని అరిచాను కంప్యూటరు మీదికి. "అయ్యో, చెప్పు వదినా, అక్కడికెళ్ళి ఇదేం పని!" అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. వెనక్కి తిరిగి చూద్దును కదా, సెంటర్లో ఉన్నవాళ్ళంతా తృప్తిగా తలలూపుతున్నారు. "బాగా చెప్పింది," అన్నాడు పెద్దయ్య. "ఇంత గట్టిగా నేను కూడా చెప్పలేను." అత్తగారి కళ్ళలో నీళ్ళు. మా ఆయన ఒక్కడే తల పట్టుకున్నాడు. తెర మీద ఆ తలనెరిసినావిడ ఎదురుచూసింది, చూసి మైకు ఆపేసింది. తర్వాతి వాళ్ళని పిలిచారు.

వదిన తిరిగొచ్చాక నేను రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. మూడో రోజు ఆవిడే చెప్పింది. "ఆ ముక్క చదవగానే మైకు దాకా వెళ్ళాను. నోరు రాలేదు. అంత అబద్ధానికి ఇంకెలా కాదని చెప్పాలి? మా అమ్మ ఎలా చెప్పిందో అలాగే చెప్పాను," అంది. నిజానికి కొంప మునగలేదు. హాలు బయట ఆ తలనెరిసినావిడ లాయరమ్మని ఆపి, మీ మనిషి ఎందుకు మాట్లాడలేదని అడిగిందట. లాయరమ్మ చెప్పింది. అది విని ఆవిడ, "అయితే ఆ సభలో జరిగిందీ ఇదేనా?" అందట.

కొన్నాళ్ళకి కమిటీ తన మాట బయటపెట్టింది. ఎన్నో పేజీల్లో మాది ఒక్క పేరా. ఆ ప్రజలు నిర్ణయాలు తీసుకునే తీరుని గౌరవిస్తూ మళ్ళీ సంప్రదించండి, అందాకా తవ్వకం ఆపండి, ఏడాదిలో మాకు చెప్పండి. నేను ఆ పేరా పది కాపీలు తీసి పంచాను. సర్కారు వెంటనే కదిలిందా అంటే, అబ్బే! ఏడాది గడువు నెత్తి మీదికి వచ్చాక యంత్రాలు ఆపి, కొత్త ఆఫీసరుని పంపింది.

ఈ కొత్తాయన మర్యాదస్తుడే. "మీ పద్ధతిలోనే కానిద్దామమ్మా. మీరు నేల చూడండి, నేను రాసుకుంటాను," అన్నాడు వదినతో.

"ఏమని రాసుకుంటారు?" అంది వదిన.

ఆయన తీసిన పెన్ను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"మా మౌనం ఒకసారి మీ చేతిలో పెట్టి చెడ్డాం. ఈసారి ఒక్కొక్కరూ నోటితో చెబుతారు. కాదంటే కాదని, అవునంటే అవునని. ఎవరేమన్నారో వాళ్ళ పేరు పక్కన ఉన్నదున్నట్టు రాయండి," అంది.

అది చెప్పినంత తేలికా? తన మనుషులకే వద్దు అనడం నేర్పాల్సి వచ్చింది వదినకి. డ్యూటీ దిగడం, మా ఆయన జీపులో కొండెక్కడం, గడప గడపా తిరగడం. నన్నూ తోడు తీసుకెళ్ళేది, నోరున్నదాన్ని కదా. ఒక ముసలమ్మకి నేనే నేర్పాను. "టీ తాగుతావా అవ్వా?" అంటే చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "అలా కాదు, నోటితో చెప్పు." "ఎలా చెప్పనే? నువ్వు నాకేం అన్యాయం చేశావని?" అని ఏడుపు మొహం పెట్టింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పెద్దయ్యకి కోపమొచ్చింది. "దేశాలు తిరిగొచ్చి మాకు మాట్లాడటం నేర్పుతున్నావా? కమిటీ మన పద్ధతిని గౌరవించమంది, నువ్వేమో దాన్ని తుడిచేస్తున్నావు."

"తుడిచేస్తున్నానేమో పెద్దయ్యా," అంది వదిన. "నాకూ బాధగానే ఉంది. కానీ కొండ పోయాక మన పద్ధతి ఎక్కడ కూర్చుని పాటిస్తాం?"

ఆయన కర్ర తీసుకుని లేచాడు. సభకి మాత్రం వస్తానన్నాడు.

లాయరమ్మ ముందే హెచ్చరించింది. "అందరూ వద్దంటే గట్టి మాటే. ఒక్కరు సరే అన్నా కంపెనీ దాన్ని పట్టుకుని వేలాడుతుంది. జనం చీలిపోయారు, ఇంకా చర్చలు కావాలి అంటూ ఏళ్ళు లాగుతుంది. చూసుకోండి."

వదిన ఊరంతా చూసుకుంది. ఇంట్లో చూసుకోలేదు. నేనూ చూసుకోలేదు. గని పనులు ఆగాక మా ఆయన జీపుకి బేరాలు పడిపోయాయి. కంపెనీ వాళ్ళు లారీ మీద ఉద్యోగం ఇస్తామని ఆశపెట్టారని తర్వాత తెలిసింది. పిల్లల్ని స్కూల్లో దింపొచ్చి గోడకానుకుని కూర్చునేవాడు. "ఇంకెన్నాళ్ళు ఇది?" అని ఒకసారి అన్నాడు. అలిసిపోయి అన్నాడనుకున్నాను. అలిసిపోయే అన్నాడు.

సభ కొండ మీది బడిలో పెట్టారు. ఆఫీసరు, రాసుకోవడానికి ఒక గుమస్తా, వీడియో తీసేవాడు, ఓ మూల కంపెనీ మనిషి. కొండ మీద పుట్టినవాళ్ళకే ఆ రోజు మాట, నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. ముందు పెద్దయ్యని పిలిచారు. ఆయన లేచి, కర్ర రెండు చేతులతో పట్టుకుని, ఆఫీసరు మొహంలోకి చూశాడు. చాలాసేపు పట్టింది. "వద్దు," అన్నాడు. అని, అక్కడే కూర్చుని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ తర్వాత అత్తగారు, టీ ముసలమ్మ, ఆడవాళ్ళు, మగవాళ్ళు. కొందరు నేల చూస్తూనే అన్నారు, కొందరు గట్టిగా అరిచినట్టు అన్నారు. ఒక్కో వద్దుకి నా ఒళ్ళు పులకరించింది. వినడం మీ వంతు రా ఇప్పుడు అనుకున్నాను.

మా ఆయన్ని పిలిచారు. లేచాడు. ఎవరి వైపూ చూడలేదు.

"సరే," అన్నాడు. "తవ్వుకోండి."

కంపెనీ మనిషి ఫోను బయటికి తీశాడు. ఎవరో వెనకనుంచి, "వీడు టౌను మనిషి, కొట్టేయండి," అన్నారు. గుమస్తా మంచివాడే పాపం, వదిన వైపు వంగి, "అమ్మా, పేరు పిలిచినప్పుడు లేడని రాసేయనా? ఒక్కటేగా. వీడియో కూడా ఆఫీసులో ఎవరూ చూడరు," అన్నాడు గుసగుసగా. నేను కిటికీ పక్కనే ఉన్నాను, నాకు వినబడింది. రాసేయవయ్యా అని నా ప్రాణం కొట్టుకుంది. ఎన్నేళ్ళ తిరుగుడు, ఎన్ని అర్జీలు, ఆ విమానం, ఆ పోలీసులు. ఒక్క ముక్క మారిస్తే అంతా నిలబడుతుంది. ఆఫీసరు కూడా విననట్టు పక్కకి తిరిగాడు.

వదిన తమ్ముడి వైపు చూసింది. వాడిని వేలు పట్టుకుని నడిపించిన మనిషి.

"సరే అన్నాడు కదా. సరే అని రాయండి," అంది.

గుమస్తా రాశాడు. తర్వాతి పేరు ఆవిడదే. లేచింది, బల్ల అంచు పట్టుకుంది. "వద్దు," అంది. ఎంత నెమ్మదిగా అందంటే వీడియో వాడు మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పింది.

సభ అయ్యాక ఆడవాళ్ళు మా ఆయన జీపు చుట్టూ చేరి నానా మాటలూ అన్నారు. నేనూ అన్నాను, ఇంటికొచ్చాక అనాల్సినవి కూడా అక్కడే అనేశాను. ఆయన స్టీరింగు పట్టుకుని తల వంచుకుని కూర్చున్నాడు. దిగువకి ఇక బస్సు లేదు. వదిన ఎవరింట్లోనైనా ఉండిపోతుందనుకున్నాం. ఆవిడ జనాన్ని తప్పించుకుంటూ వచ్చి, ముందు సీట్లో తమ్ముడి పక్కన కూర్చుంది.

"అక్కా," అన్నాడు. "నా మీద కోపమా?"

"కోపమేరా. నరాలు తెగిపోయేంత కోపం. ఇక ఇది ఎన్నేళ్ళు సాగుతుందో, నేనుంటానో ఉండనో తెలియదు." ఊపిరి తీసుకుంది. "కానీ నువ్వన్న మాట అనలేదని రాయించడానికా నేను అంత దూరం వెళ్ళొచ్చింది?"

ఆయన భోరుమన్నాడు. వదిన సీటుకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. "తర్వాత ఏడుద్దువు గానీ, పోనీయ్. పొద్దున్నే డ్యూటీ ఉంది," అంది.